సందు కింద చప్పుడు

ఉలికి గుడ్డ చుట్టి గోడకు ఆనించి, హాజీ బయ్యూమీ చెవులు రిక్కించాడు. భూమిలోంచి మెట్రో తవ్వకం 'ధబ్'మంది. అదే అదనుగా సుత్తితో ఒక్కటిచ్చాడు. మళ్లీ 'ధబ్'. మళ్లీ ఒకటి. గోడకు ఇవతల అతని సామాన్ల గది, అవతల ఇన్షిరాహ్ అద్దెకుంటున్న వాటా.

ఆమె ఆ వాటా ఖాళీ చెయ్యాలి. ఈమధ్య హాజీకి ఉన్నది ఆ ఒక్క కోరికే. కైరోలో పాత అద్దెల చట్టం పుణ్యమా అని, మొగుడు బతికున్న రోజుల్లో కుదుర్చుకున్న అద్దే ఆమె ఇప్పటికీ ఇస్తోంది. ఆ డబ్బుకి ఉడికించిన చిక్కుడుగింజలు ప్లేటెడు కూడా రావు. ఇప్పుడేమో సందు మొదట్లోనే మెట్రో స్టేషను వస్తోంది. మొబైల్ షాపతనూ, చెరుకురసం కొట్టతనూ ఆ వాటా కోసం పోటీలు పడి హాజీకి సలాములు కొడుతున్నారు.

మెట్రోవాళ్లు వచ్చి సందు మొదట్లో నీలం రేకులు పాతి వెళ్లారు. లోపలేం జరుగుతోందో తొంగి చూద్దామన్నా రేకుల్లో కన్నం లేదు. కొన్నాళ్లకే చప్పుళ్లు మొదలయ్యాయి. మధ్యాహ్నం నమాజు ముగియడం ఆలస్యం, ధబ్, ధబ్! సందులో ఎవరికీ కునుకు లేదు. హాజీకి మాత్రం ఉపాయం తట్టింది. ఆ రొదలో తన సుత్తి చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? నాలుగు పగుళ్లు కనబడితే ఆవిడే హడలిపోయి మూటాముల్లె సర్దుకుంటుంది.

ఓరోజు మెట్ల మీద ఆమెను ఆపి, మొహం వేలాడేసుకున్నాడు.

"ఈ కొంప ఇవాళో రేపో కూలేట్టుందమ్మా. అన్నలాంటివాణ్ణి, నీ మంచికే చెప్తున్నా. మీ చెల్లెలింటికి పో."

"చస్తే ఇక్కడే చస్తా హాజీ! ఇళ్లు పగిలినవాళ్లకి సర్కారు కొత్త ఫ్లాట్లు ఇస్తుందని సందంతా కోడై కూస్తోంది. ఇప్పుడు కదలడానికి నేనేమైనా పిచ్చిదాన్నా?"

'మొండి ఘటం' అని పళ్లు నూరి, అతను ఇంకా పెద్ద సుత్తి కొనుక్కొచ్చాడు.

అయితే ఒక విచిత్రం జరిగింది. తను చెయ్యి పెట్టని చోట కూడా పగుళ్లు వస్తున్నాయి. మెట్ల కింద, వంటింట్లో, వీధిగుమ్మం పైన. 'దేవుడూ నా పక్షమే, మెట్రో కూడా నా పక్షమే' అని హాజీ మురిసిపోయాడు.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. భోజనానికి కూర్చున్నవాడి ముందు, కప్పు నుంచి అరచేతి మందాన పెచ్చు ఊడి సరిగ్గా మొలోఖియా పులుసు గిన్నెలో పడింది. ఆకుపచ్చ పులుసంతా గడ్డానికి చిందింది. హాజీకి పై ప్రాణాలు పైనే పోయాయి. అద్దె సంగతి దేవుడెరుగు, ముందు ఇల్లు దక్కితే చాలు! గడ్డమైనా తుడుచుకోకుండా మెట్రో ఆఫీసుకు పరుగెత్తాడు.

మర్నాడు రద్వా అనే ఇంజనీరమ్మ వచ్చింది. సందు సందంతా ఆమెను చుట్టుముట్టింది. ఇన్షిరాహ్ జుట్టు నిండా సున్నం పొడి. ఇస్త్రీ కొట్టు షహాతా బొటనవేలికి ఇంత లావు కట్టు. చూస్తే హాజీకే జాలేసింది. పాపం, ఈ మెట్రో ఎంతమంది ఉసురు పోసుకుంటోందో!

"మీ యంత్రం మమ్మల్ని బతకనిచ్చేట్టు లేదు తల్లీ!" అని షహాతా మొత్తుకున్నాడు.

"మా గోడ చూడు, పగుల్లో చెయ్యి దూరుతోంది! ఫ్లాటు ఎప్పుడిస్తారో అది చెప్పు ముందు" అంది ఇన్షిరాహ్.

"ఫ్లాటు తర్వాత! ముందు ఆ తవ్వకం ఆపించమ్మా, నీకు పుణ్యముంటుంది" అంటూ హాజీ చేతులు జోడించాడు.

ఇంజనీరమ్మ ఇన్షిరాహ్ జుట్టుకేసి చూసింది. షహాతా కట్టుకేసి చూసింది. జోడించిన హాజీ చేతులకు మోచేతుల దాకా అంటిన సున్నంకేసి మరి కాసేపు చూసింది.

"ఏ తవ్వకం ఆపమంటారు హాజీగారూ? మా యంత్రం ఇంకా అలెగ్జాండ్రియా రేవులో ఓడ కూడా దిగలేదు."