బచ్చలిపండ్ల బొమ్మ

“మా ఏసురాజు యాడప్పా?”

విశ్వాసమ్మ వెలిసిపోయిన కాగితాన్ని గాబ్రియేలు ముందు పడేసింది. ఎండన పడి అయిదు మైళ్లు నడిచొచ్చిన మనిషి, కోపం మాత్రం అలసిపోలేదు.

కమలాపురం మిషను మందుల గది వరండాలో కూర్చున్న ముసలి కాంపౌండరు దాన్ని తీసి చూశాడు. తను చేసిచ్చిన బొమ్మే. యుద్ధం మూలంగా ఫొటో కాగితాలు దొరకని రోజులు. మిషను దొరసాని ఎప్పుడో గాజుపలక మీద తీసిన విశ్వాసమ్మ కొడుకు ఏసురాజు ఫొటోను, బచ్చలిపండ్ల రసం పూసిన కాగితం మీద పెట్టి తొమ్మిది రోజులు ఎండలో ఉంచాడు. ఎండ తగిలిన చోట రంగు పోయింది, తగలని చోట నిలిచింది. ఏసురాజు ఊదారంగులో నవ్వాడు. ఆ గాజు తర్వాత పగిలిపోయింది. బర్మా యుద్ధంలో పోయిన కొడుకుకు ఆ తల్లి దగ్గర మిగిలిన గుర్తు ఈ కాగితమొక్కటే.

“ఎండ సోకితే బొమ్మ పోతాదని అప్పుడే చెప్తిని కదమ్మా.”

“బైబిల్లో పెట్టి పెట్టెలో దాస్తినప్పా. ఏడాది ప్రార్థన నాడు చూసుకుందామని ఓర్చుకుంటి. ఈ పొద్దు తెరిస్తే ఇట్లుండాది.”

“ఇంట్లో ఇంకెవరుండారు?”

“కోడలు కృపమణి. అది ముట్టుకుంటాదా? కొడవలికి ఎడమచేతి బొటనవేలు సగం తెగిపడినా ఏడవలే. మొగుడు సచ్చినాడని జాబొచ్చినా ఏడవలే. మూడోనాడే శెనక్కాయ పెరికేదానికి పాయ. దానికన్నా రాయి నయం. నా బిడ్డ మీద మనసు లేనిది నాకేల అని, ఈ పొద్దు తెల్లారే బస్సెక్కించి రాయచోటికి పుట్టింటికి తోలేస్తి. ఇంగ నా గడప తొక్కొద్దని చెప్పినా.”

గాబ్రియేలు కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు.

“ఇది ఒక్కనాటితో పోయింది కాదమ్మా. ఎవరో దినామూ దీన్ని ఎండలోకి తెచ్చుకోని శానాసేపు చూసినారు.”

“మా గుడిసెలో చీకటి. చూడాలంటే వాకిట్లోకి రావాల్సిందే. నేను కూలికి పోయినంక ఆ పెట్టె ఎవరు తెరుస్తారు? నీకెట్ల తెలిసె?”

“ఈ రెండంచులు చూడు. రంగు అట్లే ఉండాది. పట్టుకున్న బొటనవేళ్ల కింద ఎండ పడలే.”

విశ్వాసమ్మ కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. కుడి అంచున ఊదారంగులో నిండు బొటనవేలు ఉంది.

ఎడమ అంచున సగమే ఉంది.