గుమ్మం మెత్తిన గండుచీమ

ఆ చీమల పుట్టలో ఓ పాడు అలవాటుండేది. చీమల వాసన వేస్తే చాలు, ఎవరినైనా రాణిగారి గదిదాకా పోనిచ్చేవారు. కిందటేడు ఓ పెంకుపురుగు ఆ వాసన పూసుకొచ్చి గుడ్లన్నీ మెక్కేసింది.

అందుకే ఈసారి కాపలా గండుచీమ గంగులు పంతం పట్టాడు. "పనివాళ్లంతా ఇప్పుడే లోపలికి రండి. తర్వాత గుమ్మం మట్టితో మెత్తేస్తా. అది ఎండిందంటే వానలు వెలిసేదాకా రాణిగారు చెప్పినా తీయలేను" అన్నాడు. పనివాళ్లని వాసన చూసి లోపలికి పంపాడు. గుమ్మం మెత్తేసి, దర్జాగా మీసాలు దువ్వుకున్నాడు.

మట్టి ఎండాక బయట ఓ తీయటి గొంతు వినిపించింది. "గంగులు మామా, గుడ్లు తుడవడంలో నన్ను మించినవాళ్లు లేరు. తలుపు తీయవూ?"

"ఓసి పెంకుపురుగా, నువ్వేనా! రాణిగారి ఆజ్ఞ తెచ్చినా నీకు దారి లేదు, ఫో!" అని గంగులు పగలబడి నవ్వాడు.

"పోతాలే మామా. మా చెల్లెలు పొద్దున్నే నీ పనివాళ్లలో కలిసి లోపలికొచ్చేసింది. దాన్ని గెంటడానికీ ఇక దారి లేదుగా! వాసన చూసి పట్టుకో చూద్దాం."

గంగులు నవ్వు ఆగిపోయింది. వెనక, రాణిగారి గదిలో, ఎవరో తీరిగ్గా జుర్రుకుంటున్న చప్పుడు.