మంద బయటికొచ్చిన రోజు

"అందరికీ ఫోన్లు చేసి రావద్దని చెప్పెయ్యి," అంది బార్బ్రో కిటికీ దగ్గర నిలబడి.

ఆమె మొగుడు ఎవర్ట్ బూట్లు తొడుక్కుంటూ తలెత్తలేదు. మే నెల. నిన్నటిదాకా పచ్చగా మెరిసిన పచ్చిక మీద రాత్రికి రాత్రి చీలమండ లోతు మంచు పడింది. సరిగ్గా ఈరోజే, చలికాలమంతా కొట్టంలో ఉన్న ఆవుల్ని మళ్లీ బయటికి వదలాలి. గడ్డి మీద కాలు పడగానే అవి దూడల్లా గంతులేస్తాయి. అది చూడ్డానికి ఏటా జనం వస్తారు.

"స్టాక్‌హోం నుంచి కూడా బయల్దేరారు. ఇప్పుడు రావద్దంటే బాగుంటుందా?"

"మైరోస్‌కి వెర్రా, ఈ మంచులోకి రావడానికి?"

"నా ఆవు సంగతి నాకు తెలీదా? అది కదిలిందంటే మందంతా కదులుతుంది. నువ్వెళ్లి కాఫీ సంగతి చూడవే."

"నవ్వులపాలై నా దగ్గరికి రాకు మరి."

పొద్దెక్కేసరికి కంచె చుట్టూ జనం చేరారు. ఎవరి మొహంలోనూ కళ లేదు. అక్టోబరు నుంచీ పారలతో మంచు ఎత్తిపోసి విసిగిపోయిన మనుషులు. తమకెలాగూ లేదు, ఆవులైనా సంతోషపడితే చూసిపోదామని వచ్చినట్టున్నారు. పాస్టరుగారు టోపీ దులుపుకుంటూ, "దేవుడు ఈ ఏడు వసంతాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయాడయ్యా," అన్నాడు.

ఎవర్ట్ కొట్టం దగ్గరికి నడిచాడు. గడియ తీశాడు.

మైరోస్ గుమ్మం దాకా వచ్చింది. ఒక గిట్ట మంచులో పెట్టి, నిప్పు తొక్కినట్టు వెనక్కి తీసుకుంది. ఎవర్ట్ కేసి ఓ చూపు చూసి అక్కడే ఆగిపోయింది. మిగతావి దాని పక్కనుంచి తలలు చాపాయే తప్ప ఒక్కటీ కదల్లేదు.

"రా తల్లీ, పదిమందిలో నా పరువు తియ్యకే."

మెడపట్టీ పట్టుకుని లాగాడు. కాలు జారి మంచులో వెల్లకిలా పడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. అందుకే అతనికి మరీ సిగ్గేసింది. లేవబుద్ధి కాలేదు. అంతలో ఒక మంచుముద్ద వచ్చి ముక్కు మీద తగిలింది.

చూస్తే బార్బ్రో. అప్పుడే రెండోది చుడుతోంది.

"నీకేనా చేతులున్నది?" అంటూ ఎవర్ట్ లేచి ఒకటి విసిరాడు. ఆమె చటుక్కున వంగింది. అది వెళ్లి పాస్టరుగారి చెంప మీద ఫట్‌మని పగిలింది.

అందరూ ఊపిరి బిగబట్టారు. పాస్టరుగారు నెమ్మదిగా కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కంచె దూకాడు.

ఇంక ఆపేవాళ్లెవరు? కోట్లు కంచె మీద పడ్డాయి. పోస్టాఫీసామె అరుచుకుంటూ డాక్టరు వెంట పడింది. ఓ ముసలాయన చేతికర్ర పారేసి మనవలతో పాటు పొర్లాడు. మబ్బు చీలి ఎండ పడింది. కాళ్ల కింద మంచు నీళ్లవుతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

ఎవర్ట్ ఒగరుస్తూ గేటుకి ఆనుకున్నాడు. నవ్వి నవ్వి పొట్ట నొప్పెడుతోంది. అప్పుడే కారొకటి ఆగింది. అందులోంచి ఒకావిడ హడావిడిగా దిగింది.

"అయ్యో, ఆలస్యమైపోయిందండీ. అప్పుడే వదిలేశారా?"

"ఇప్పుడే వదిలామమ్మా. మందంతా ఒకటే గంతులు. ఇంక లోపలికి తోలడమే కష్టం."

"ఆవులు మంచులో కూడా గెంతుతాయా?"

ఎవర్ట్ కొట్టం వైపు చూపించాడు. మైరోస్, దాని పక్కన మిగతా ఆవులూ గుమ్మంలో ఒత్తుకుని నిలబడి, నెమరేస్తూ ఇటే చూస్తున్నాయి.

"అవి చూడ్డానికొచ్చాయమ్మా."