నర్సి చెల్లెలు

"పెంటమ్మనా?" ఇంటి యజమాని ఉమాకాంత్ తాగబోతున్న చాయ్‌ని కింద పెట్టేశాడు. "అవ్వా, నీకంటె ముందుగాల పుట్టినోళ్లు ఎవరన్న పోయిన్రా?"

కుర్చీ వేసినా పెంటమ్మ కూర్చోక, అరుగు అంచునే చతికిలబడింది. ఆమె చూపు వాకిట్లోని పాతర మీద ఉంది. ఒకప్పుడు ఏడాది జొన్నలు ఆ నేలగాదెలోనే దాచేవారు. ఇప్పుడు దాని మూతబండకు పసుపు పూసి ఉంది. చుట్టూ చిన్నపిల్లల గాజులు.

మంచిర్యాలలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పే మనవరాలు కళ్యాణి పట్టుబట్టి ఆమెను ఏరు దాటించి తీసుకొచ్చింది. తన పెద్దలు ఏ గడ్డ మీద కూలి చేశారో చూడాలన్నది ఆమె కోరిక. తీరా సిరొంచ దాటి ఈ ఊరు చేరేసరికి ముత్తాత కొమురయ్య గుడిసె ఉన్న జాడే లేదు. ఆయన పాలేరుగా జీతమున్న ఈ ఇల్లొక్కటే మిగిలింది.

"అట్ల ఎందుకు అడుగుతున్నరు?" అంది కళ్యాణి.

"పెద్ద పిల్ల పోతె, ఎనుక పుట్టినదాన్ని పెంటకుప్ప మీద దొర్లిచ్చి ఆ పేరు పెడతరు మేడం, సావు కండ్ల పడకుంట. అవ్వ కొమురయ్య బిడ్డ అన్నరు గద? అంటె నర్సికి చెల్లె. మీ ఇంటోళ్ల కోసం ఎంత ఎతికినమో!"

అతను చెప్పిన సంగతి చిన్నదే. పాతర అడుగంటినప్పుడు, మిగిలిన గింజలు ఊడ్చడానికి కూలివాళ్ల పిల్లల్లో అందరికంటే చిన్నదాన్ని తాడు కట్టి దించేవారు. ఆ ఏడు నర్సిని దించారు. పిల్ల లంగా అంచున గుప్పెడు జొన్నలు ముడివేసుకోవడం అప్పటి కొత్తకోడలు, ఉమాకాంత్ తల్లి దుర్గమ్మ కంటపడింది. కాస్త భయపెడదామని మూతబండ మూయించింది. అంతలో పుట్టింటివారు బండి దిగారు. ఆ సందడిలో పాతర మాట మరిచిపోయింది. మూత తీసేసరికి పిల్ల మెడ వాలిపోయి ఉంది. కొమురయ్య ఒక్క మాటైనా అనకుండా కూతుర్ని భుజాన వేసుకొని, భార్యను వెంటబెట్టుకొని ప్రాణహిత దాటాడు. మళ్లీ ఈ ఒడ్డున కాలు పెట్టలేదు.

"ఆనాటి సంది రాత్రయితె మూత గోకుతది," అన్నాడు ఉమాకాంత్. "మా అమ్మకే కాదు, మాకు గూడ ఇనవడ్తది."

"పందికొక్కులై ఉంటయ్," అంది కళ్యాణి.

"ఉండొచ్చు మేడం. కని మా బాపు కూలోళ్ల మీద చెయ్యెత్తుడు బంద్ చేసింది పందికొక్కులకు భయపడి కాదు గద! పంట రాంగనె తొలి కుంచెడు జొన్నలు వాళ్ల ఇండ్లకే పోతది, ఇయ్యాల్టికీ. అది నర్సి వాటా." అతను పెంటమ్మ వైపు తిరిగాడు. "అమ్మ మంచం పట్టింది. పానం పోతలేదు, నిలుస్తలేదు. నర్సి ఇంటోళ్లు ఒక్క మాట అంటె గని కన్ను మూయ అంటది. జర లోపలికి రా అవ్వా. నీ కాళ్లు మొక్కుత."

"నాకెన్నడు చెప్పలేదేంది, అమ్మమ్మా?" కళ్యాణి గుసగుసలాడింది.

"చెప్పుకునే ముచ్చటనా బిడ్డా!" అంటూ పెంటమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

లోపల, పట్టపగలే కిటికీలు మూసి ఉన్నాయి. దుర్గమ్మ చెవుల్లో దూది కుక్కుకొని పడుకుంది. కొడుకు ఆ దూది తీసి, "వచ్చిన్రమ్మా," అన్నాడు.

"ఎవలు?"

"కొమురయ్య బిడ్డను, పటేలమ్మా."

ముసలి కళ్లు గదంతా తడుముకున్నాయి. "నర్సి చెల్లెవా? తిట్టనీకె అచ్చినవా? తిట్టు. మొకాన ఊంచు. పసిది ఊపిరాడక ఎంత గోసపడ్డదో... కోడిని కోసిన, గాజులు పెట్టిన. ఇంక గోకుతనే ఉన్నది. ఏం కావాల్నట దానికి?"

పెంటమ్మ మంచంకోడు పట్టుకొని నిలబడింది. ఒక్క మాట చాలు, డెబ్బై ఏళ్ల గోకుడు ఆగిపోతుంది. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. అప్పుడే తలతిప్పి ఉమాకాంత్‌ను చూసింది. పటేల్ కొడుకు కూలిదాని ముందు చేతులు కట్టుకొని నిల్చున్నాడు. తన అయ్య బతికినన్నాళ్లలో ఎన్నడూ చూడని వింత అది.

వచ్చిన మాటను మింగేసింది.

"ఇగ గోకదు పటేలమ్మా. దానికి నేను చెప్త. నిమ్మళంగ పండుకో. కని తొలి కుంచెడు మాత్రం ఆపకున్రి. ఆకలైతె మల్ల లేస్తది."

"ఆపం అవ్వా! నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు ఉమాకాంత్.

దుర్గమ్మ ఎన్నాళ్లకో దూది లేని చెవులతో కళ్లు మూసుకుంది.

నడి ఏటి చల్లగాలికి అయ్య భుజం మీదే కళ్లు తెరిచి, అవతలి ఒడ్డున పెంటమ్మగా పేరు మారిన నర్సి తప్ప, కొమురయ్యకు ముందు గానీ వెనుక గానీ మరో సంతానమే లేదు.