అత్త చెవి మిషను

పొయ్యి వెలగాలన్నా నెట్ చిరునామా ఉండాల్సిన రోజులవి. ఆ చిరునామాలు పంచే ఆఫీసు సముద్రాల అవతల ఉంది. చనిపోయినవాళ్ల మిషన్ల చిరునామాలు తిరిగి అక్కడికే పోవాలి తప్ప పక్కింటివాళ్లకు ఇవ్వకూడదు.

నూకరత్నం పక్కింటి పైడితల్లికి నెలలు నిండకుండా పాప పుట్టింది. ఊపిరి మిషను తెచ్చారు గానీ, చిరునామా లేక అది కదల్లేదు. ఆఫీసునడిగితే వరసలో ఉండమన్నారు.

"పాప ఊపిరి వరసలో నిలబడతాదేటి?" అని నూకరత్నం మండిపడింది. ఆమె అత్త సన్యాసమ్మ పోయి ఇంకా నెల కాలేదు. అయినా నూకరత్నం రోజూ పొద్దున్నే అత్త చెవి మిషను ఆన్ చేసి, "అత్తా, టీ పెట్టీసాను" అని చెబుతూనే ఉంది. ఆ పొద్దున మాత్రం దాన్ని ఆపేసి, దాని చిరునామాను పాప మిషనుకు ఎక్కించింది. మిషను గుర్రుమంది.

వారం తిరక్కుండానే, ఆమె పాప దగ్గర కూర్చుని ఉండగా ఆఫీసు నుంచి ఒక తెలుగాయన ఫోన్ చేశాడు.

"సన్యాసమ్మగారి చెవి మిషను రాత్రీపగలూ ఆగకుండా నడుస్తోంది. ఆవిడ ఉన్నారా అమ్మా?"

అప్పుడే పాప కేరుమంది.

"ఎవరమ్మా ఆ ఏడుపు?"

"మా అత్తే బాబూ. ఆకలేస్తే అస్సలు ఊరుకోదు."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"ఉన్నారనే రాసుకుంటున్నానమ్మా. పెద్దావిడని నూరేళ్లు చల్లగా ఉండమనండి."