రాసిచ్చిన తగాదా

“బావ యాడ?” చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి అడిగాడు హరీష్.

తెల్లారకముందే లోడు వేసుకుని పోయాడని చెప్పింది బాలమణి. తమ్ముడి మొహం చూస్తూనే ఎందుకొచ్చాడో అర్థమైంది. పుట్టింటి ఊరు తెలకపల్లి నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నాడు. రాత్రి టీవీలో వచ్చింది అక్కడా అందరూ చూసే ఉంటారు.

“నువ్వు కూసో. అదంత కత. వాళ్లు రాసిచ్చిండ్రు, మేం చెప్పినం,” అంది.

హరీష్ కూర్చోలేదు. మూలన చాప మీద పడుకున్న అత్త పెంటమ్మ రాత్రి నుంచి ఒక్క మెతుకు ముట్టలేదు. పొద్దున బోరింగు దగ్గర బాలమణి బిందె దించగానే ఆడవాళ్లంతా మాటలాపేశారు.

నిజానికి ఈ తంటా తెచ్చిపెట్టింది తనే. నాలుగేళ్లుగా ఒక్కరోజు తప్పకుండా చూసిన ఎనిమిది గంటల సీరియల్‌ను ఛానల్ వాళ్లు నడిమధ్యలో ఆపేసి, ఆ వేళకు మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చే కార్యక్రమం పెట్టారు. దానికి జంటలను వెతుక్కుంటూ అమూల్య అనే అమ్మాయి వీళ్ల ఊరు వీపనగండ్ల దాకా వచ్చింది. సీరియళ్ల రోజులు అయిపోయాయని, జనానికి నటుల ఏడుపు మొహం మొత్తిందని, ఇక మామూలు మనుషుల ఏడుపే నడుస్తుందని చెప్పింది. తమకు తగాదాలే లేవంది బాలమణి. లేకపోతే తామే రాసిస్తామంది అమూల్య. పెళ్లయి ఎన్నేళ్లు, పిల్లలెందరు, ఆయనేం పని చేస్తాడు, ఏ ఊళ్లు తిరుగుతాడు, అన్నీ అడిగి రాసుకుంది. తొమ్మిదేళ్లయినా కడుపు పండలేదని, ట్రాలీ ఆటోలో ఆయన అమ్రాబాద్ దాకా సరుకు వేస్తాడని బాలమణే చెప్పింది. మొగుడు కురుమూర్తి వద్దే వద్దన్నాడు. టీవీలో కనబడాలని ఆమెకు ఒకటే ఆశ. నెల రోజులు బతిమాలి ఒప్పించింది.

హైదరాబాద్‌లో ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఎవరి మాటలు వాళ్లకు నేర్పారు. ఒకరి మాటలు ఒకరికి ముందే తెలిస్తే మొహంలో నిజం కనబడదట. కల్లు కూడా ముట్టని మనిషిని తాగుబోతని తిట్టాలంటే బాలమణికి నవ్వొచ్చింది. ఎలాగో తిట్టింది. కురుమూర్తి తల వంచుకుని విన్నాడు. ఇంకేమైనా దాచావా అని, తగవు తీర్చడానికి కూర్చున్నావిడ అడిగింది. అప్పుడు చెప్పాడతను, అమ్రాబాద్‌లో ఇంకొకామె ఉందని, మూడేళ్ల కూతురు కూడా ఉందని. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక్క క్షణం బాలమణి నిజమేననుకుంది. అమూల్య రాసుకున్నవన్నీ గుర్తొచ్చి, ఇదీ వాళ్లు రాసిచ్చిందేనని వెంటనే తేరుకుంది గానీ, అప్పటికే ఏడుపు తన్నుకొచ్చేసింది. తిరుగు బస్సులో, ఇంత నటన ఎక్కడ నేర్చావని మెచ్చుకుంటూనే ఉంది. అతను సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు.

అదంతా నటనేనని ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మడం లేదు. ఇన్నేళ్లూ తనతో కలిసి సీరియల్ చూసి కళ్లు తుడుచుకున్న పక్కింటి సకీనాబీ కూడా నమ్మలేదు.

“సీరియల్ల ఏడ్పు టీవీ బంద్ జేస్తే ఐపోతుండె. గిది గట్ల కాదు బిడ్డా,” అందామె. “నిజం బతుకులని టీవీ మీద వాళ్లే రాసి చూపిస్తుండ్రు గద.”

బావ రానీ, పదిమందిలో నిలబెట్టి అడుగుతానన్నాడు హరీష్.

తన సరదా కోసం పాపం ఎరగని మనిషి ఊళ్లో తలెత్తుకోలేకపోవడమా? బాలమణికి దుఃఖం ఆగలేదు. అమూల్య నంబరున్న చీటీ వెతికి తమ్ముడి చేతిలో పెట్టింది. సెల్లు అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టమంది. అత్తను లేపి పక్కన కూర్చోబెట్టుకుంది. గోడ మీదుగా సకీనాబీని పిలిచింది. వాకిట్లో ఆగి చూస్తున్నవాళ్లను కూడా లోపలికి రమ్మంది.

అమూల్య ఎత్తింది. కార్యక్రమం బ్రహ్మాండంగా వచ్చిందని, పొద్దున్నుంచి ఫోన్లు ఆగడం లేదని గబగబా చెప్పుకుపోయింది. బాలమణి మధ్యలో ఆపింది.

“అమ్మా, మా ఇంటాయన మంచోడు. గా అమ్రాబాద్ ముచ్చట మీరే రాసిచ్చిండ్రని మావోళ్లకు జర చెప్పు. అందరు ఇంటుండ్రు.”

అమూల్య గొంతు తగ్గించింది.

“అక్కా, మేం రాసిచ్చింది తాగుడు ఒక్కటే.”