అక్క ఊపిరి

బుధవారం పదకొండు గంటలకు హనుమకొండలోని ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు వేరొకరి ఊపిరి తొడుక్కున్నారు. వేపింగ్ అనే ఈ-సిగరెట్ అలవాటు గురించిన పాఠానికి ఇప్పుడు అన్ని బళ్ళకూ ఒక కోటు వస్తుంది. వేప్ అలవాటై మానేసిన ఒకరి ఊపిరి దాన్నిండా ఉంటుంది; తొడుక్కున్నవారికి ఆ ఊపిరే ఆడుతుంది. ఇచ్చినవారి పేరు చెప్పరు.

"అమ్మో, దమ్మే అందుతలేదు టీచర్!" అని ప్రణీల్ కోటు విప్పేశాడు. అందరూ నవ్వారు.

తర్వాత వంతు సంహితది. స్నేహితురాలు ఇచ్చిన మామిడి వాసన వేప్ ఆమె బ్యాగులో ఉంది. ఇంకా పీల్చలేదు.

ఆమె తొడుక్కోగానే కోటు మూడుసార్లు చిన్నగా ఊపిరి తీసి ఆగింది. తర్వాత సన్నగా ఈల వేసింది. రోజూ రాత్రి పక్కన పడుకునే అక్క హిమజ దగ్గర సంహిత వినేది అదే. అక్కకు దుమ్ము పడదని ఇంట్లో చెప్పేవారు.

"ఇగ ఇప్పు బిడ్డా," అన్నారు స్పందన టీచర్.

"ఇంకొంచెంసేపు ఉండనీయండి టీచర్."

సాయంత్రం అక్కాచెల్లెళ్ళు ఇంటికి మెట్లెక్కుతుండగా, రెండో అంతస్తులో హిమజ కూర్చుంది. "చెప్పు పట్టీ ఊడింది. నువ్వు నడువు."

రోజూ అక్క ఇలా ఆగితే సంహిత పైకి ఉరికి, "ముసలవ్వా, రా!" అని అరిచేది. ఈసారి పక్కనే కూర్చుని, వేప్ తీసి అక్క చేతిలో పెట్టింది.

"పీల్చలేదక్కా. ఆ కోటు నీదే గదా?"

హిమజ వేప్‌ను గుప్పిట్లో మూసింది.

"నోటితోని చెప్పుడు రాలేదే. అందుకే ఊపిరిచ్చిన."

మూడో అంతస్తుకు ఇద్దరూ కలిసే చేరారు.